చిన్న రియాక్టర్‌కి పాత టెంపరేచర్ కంట్రోలర్ మార్చడం ఎలా: ముందు సెన్సర్, ఆ తర్వాతే డబ్బా

మన గోదావరి జిల్లాల్లో కొబ్బరి నూనెతో లిక్విడ్ సబ్బు కాసేవాళ్లు, చెరువులకి మందులు కలిపేవాళ్లు, చిన్న చిన్న యూనిట్లు పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. లోపలికి వెళ్లి చూస్తే ఇంచుమించు అన్నిచోట్లా ఒకే సరంజామా. సెకండ్ హ్యాండ్‌లో కొన్న వంద లీటర్ల స్టీలు రియాక్టర్ (సరుకు కాచి కలిపే పాత్ర), చుట్టూ ఆయిల్ జాకెట్ (నూనె నింపిన బయటి తొడుగు), జాకెట్‌లో మూడు హీటర్లు, పైన స్టిర్రర్, పక్కన గోడకి ఒక ప్యానెల్. ఆ ప్యానెల్ మీద ఎప్పటిదో ఒక టెంపరేచర్ కంట్రోలర్ ఉంటుంది. అంకెల్లో సగం గీతలు వెలగవు, బటన్ నొక్కితే ఒకసారి పలుకుతుంది, ఇంకోసారి పలకదు. 8లో కుడివైపు పై గీత ఆరిపోతే అది 6 లాగా కనిపిస్తుంది. అంటే 80 డిగ్రీలు ఉన్నప్పుడు ఆపరేటర్‌కి 60 కనిపిస్తుంది. అంతవరకూ వచ్చిందంటే ఇక వాయిదా వేయకుండా మార్చేయాల్సిందే.

డబ్బా మార్చడం అరగంట పని. దాని వెనక ఉన్న సెన్సర్ ఏమిటో తెలుసుకోకుండా మార్చితే మాత్రం కొత్త కంట్రోలర్ కూడా అబద్ధమే చెబుతుంది, కొత్తది కాబట్టి అందరూ నమ్ముతారు. అందుకే ఇందులో ఎక్కువ భాగం సెన్సర్ గురించీ, కంట్రోలర్ తప్పు చెప్పిన రోజున హీటర్లని ఆపే రెండో కాపలా గురించీ రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు చెప్పాలి. మీ రియాక్టర్‌లో మిథనాల్, అసిటోన్, టోలుయిన్ లాంటి మండే సాల్వెంట్లు వాడుతుంటే ఈ పద్ధతి మీకు కాదు. ఉదాహరణకి మిథనాల్ ఆవిరి పది పన్నెండు డిగ్రీల దగ్గరే అంటుకునే స్థితికి వస్తుంది, మన కోస్తాలో సంక్రాంతి చలిలో కూడా అంతకన్నా వేడే ఉంటుంది. అక్కడ ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించని) ప్యానెల్, ఫ్లేమ్‌ప్రూఫ్ గ్లాండ్లు (కేబుల్ దూరే చోట బిగించేవి), ఆ పని తెలిసిన మనిషి కావాలి. నేను చెప్పేది నీళ్లు, నూనె, కాస్టిక్‌తో నడిచే పనికి. ఉదాహరణ కోసం కొబ్బరి నూనె, పొటాష్ సబ్బు తీసుకుంటున్నాను: 80 డిగ్రీల దగ్గర నడిచే బ్యాచ్, 2 కిలోవాట్ల హీటర్లు మూడు స్టార్‌లో, ఒక్కో ఫేజుకి తొమ్మిది ఆంపియర్ల లోపు.

నిజంగా కంట్రోలరే పోయిందా?

ముందు ఇది తేల్చుకోండి. వేడి అటూ ఇటూ ఊగుతోందని కొత్త కంట్రోలర్ కొంటారు, తీరా చూస్తే టెర్మినల్ స్క్రూ వదులు. మనది ఉప్పుగాలి నేల, చెరువుల మధ్య ఉన్న షెడ్లలో రాగి టెర్మినల్స్ ఏడాదికే పచ్చగా చిలుము పడతాయి, సెన్సర్ తల మూత తీసి చూస్తే ఆ పచ్చదనం కనిపిస్తుంది. మెయిన్ ఆపి, విప్పి, శుభ్రం చేసి, బిగించి ఒక రోజు నడిపి చూడండి. ఇంకో పరీక్ష: డిస్‌ప్లేలో వేడి సెట్ పాయింట్ (మనం పెట్టిన అంకె) దాటింది, అవుట్‌పుట్ లైటు ఆరింది, అయినా వేడి ఎక్కుతూనే ఉంది, అలాంటప్పుడు హీటర్ వైరుకి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టండి. కరెంటు పోతూనే ఉంటే తప్పు కంట్రోలర్‌ది కాదు, కాంటాక్టర్ (హీటర్లకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) పాయింట్లు అతుక్కుపోయాయి. డిస్‌ప్లే ఆరిపోయినా, బటన్లు పలకకపోయినా, లోపలి రిలే పోయినా అప్పుడే కంట్రోలర్ మార్చాలి.

సెన్సర్‌ని గుర్తుపట్టడం

దీనికి మల్టీమీటర్, ఒక గిన్నెడు మరిగే నీళ్లు, ఒక గాజు థర్మామీటర్ చాలు. ప్యానెల్ మెయిన్ ఆపి (ఎలా ఆపాలో కింద చెప్పాను), సెన్సర్ వైర్లు కంట్రోలర్ నుంచి విప్పి, ఓమ్స్‌లో పెట్టి కొలవండి.

110 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తే అది పీటీ100, అంటే వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ పెరిగే ప్లాటినం సెన్సర్. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు ఉండి, డిగ్రీకి సుమారు 0.385 ఓమ్ చొప్పున పెరుగుతుంది, అంటే షెడ్‌లో 30 డిగ్రీలు ఉంటే 111.7, మరిగే నీళ్లలో పెడితే 138.5. సాధారణంగా మూడు వైర్లు వస్తాయి, రెండు ఎరుపు, ఒకటి తెలుపు. ఎరుపు రెండింటి మధ్య కొలిస్తే వైరు రెసిస్టెన్స్ మాత్రమే వస్తుంది, చాలా తక్కువ. తెలుపుకీ ఏదో ఒక ఎరుపుకీ మధ్య 110 చిల్లర.

అలా కాకుండా కొన్ని ఓమ్‌లే చూపించి రెండే వైర్లు ఉంటే అది థర్మోకపుల్, అంటే రెండు రకాల లోహపు తీగలు కలిపి చేసిన, వేడికి చిన్న వోల్టేజీ ఇచ్చే సెన్సర్. మన దగ్గర దొరికేవి ఎక్కువగా జె టైపు, కె టైపు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

వైరు రంగు చూసి చెప్పేయొచ్చు అనుకుంటాం. అమెరికా పద్ధతిలో కె అంటే పసుపు, ఎరుపు. జె అంటే తెలుపు, ఎరుపు. ఐఈసీ (అంతర్జాతీయ ప్రమాణాల) పద్ధతిలో కె అంటే ఆకుపచ్చ, తెలుపు. జె అంటే నలుపు, తెలుపు. అమెరికా పద్ధతిలో ఎరుపు మైనస్. మన ఎలక్ట్రీషియన్‌కి ఎరుపు అనగానే చెయ్యి ప్లస్ వైపు వెళ్తుంది, తిరగేసి కలుపుతాడు, రియాక్టర్ వేడెక్కుతుంటే డిస్‌ప్లేలో అంకె తగ్గుతూ వస్తుంది, కంట్రోలర్ ఇంకా ఇంకా హీటర్ వేస్తుంది. పైగా పాత యూనిట్లలో మధ్యలో ఎవరో ఏదో కేబుల్ ముక్క అతికించి ఉంటారు. కాబట్టి రంగుని సూచనగా తీసుకోండి, సాక్ష్యంగా కాదు.

సాక్ష్యం మరిగే నీళ్లే. సెన్సర్‌ని థర్మోవెల్ (సెన్సర్ దూర్చే గొట్టం) నుంచి బయటికి లాగి, కొనని బాగా మరుగుతున్న నీళ్లలో ముంచి, దాని వైర్ల చివర్లలో మిల్లీవోల్టులు కొలవండి. గది 30 డిగ్రీలు ఉంటే కె టైపు సుమారు 2.9 మిల్లీవోల్టులు ఇస్తుంది, జె టైపు సుమారు 3.7. ఈ తేడా చవక మీటర్‌లో కూడా తెలిసిపోతుంది. ఈ పరీక్షకి మన డెల్టా చాలా అనుకూలమైన చోటు, సముద్ర మట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉన్నాం కాబట్టి నీళ్లు నూరు దగ్గరే మరుగుతాయి. హైదరాబాద్‌లో అయితే 98 చిల్లరకే మరిగిపోతాయి. కొనని గిన్నె అడుక్కి తగలనివ్వకండి.

ఈ పరీక్ష ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నేను చేయకుండా వదిలేసిన రోజు ఒకటి ఉంది. రావులపాలెం దగ్గర ఒక యూనిట్‌లో పాత కంట్రోలర్ తీసి కొత్తది పెట్టాను. సెన్సర్ కె టైపు, కంట్రోలర్‌లో ఇన్‌పుట్ జె మీద ఉంది. పవర్ ఇచ్చాం, డిస్‌ప్లే 31 చూపించింది, గోడ మీద థర్మామీటర్ కూడా 31. సరిగ్గా ఉంది కదా అని బ్యాచ్ వేసేశాం. సెట్ పాయింట్ 80. డిస్‌ప్లే 76 దాటుతుండగా పై మెట్టు మీద నిలబడ్డ కుర్రాడు "ఏవండీ, పొంగొస్తోందండీ!" అని అరిచాడు. నేను మీటర్ వైపు చూశాను, 77 ఉంది, ఇంకా మూడు డిగ్రీలు ఉంది కదా ఎందుకు పొంగుతుంది అనుకుంటూ అర నిమిషం పోగొట్టాను. ఆ అర నిమిషంలో నురగ మ్యాన్‌హోల్ అంచు దాటి ఇన్సులేషన్ మీదుగా నేలకి జారింది. కాస్టిక్ కలిసిన వేడి సబ్బు అది. ఆ కుర్రాడు బూట్లు వేసుకుని ఉన్నాడు, వెనక్కి దిగాడు, ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆ మెట్టు గుర్తొస్తే టెన్షన్ వస్తుంది.

జరిగింది ఏమిటంటే, థర్మోకపుల్ రెండు చివరల మధ్య వేడి తేడాని మాత్రమే చెబుతుంది. కొన, కంట్రోలర్ టెర్మినల్స్ రెండూ ఒకే వేడిలో ఉంటే అది ఇచ్చేది సున్నా, అప్పుడు కంట్రోలర్ తన టెర్మినల్స్ దగ్గరి వేడిని కొలిచి దాన్నే చూపిస్తుంది. అందుకని టైపు జె పెట్టినా కె పెట్టినా గది వేడి దగ్గర అంకె సరిగ్గానే ఉంటుంది. సెన్సర్ వైర్లు రెండూ మధ్యలో ఎక్కడో ఒకదానికొకటి తగిలి షార్ట్ అయినా సరే, గది వేడి చక్కగా చూపిస్తుంది. వేడెక్కే కొద్దీ తప్పు పెరుగుతుంది. కె సెన్సర్‌ని జె మీద చదివితే డిస్‌ప్లే 80 చూపించే సమయానికి లోపల దాదాపు 94 ఉంటుంది. తిరగేస్తే, అంటే జె సెన్సర్‌ని కె మీద చదివితే, లోపల 100 ఉన్నప్పుడు 120 చూపిస్తుంది. అప్పుడు బ్యాచ్ ఉడకదు కానీ ప్రమాదం లేదు. కాబట్టి "చల్లగా ఉన్నప్పుడు సరిపోయింది" అన్నది పరీక్ష కానే కాదు. వేడి చేసి చూడాలి.

నా మాట అడిగితే, ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి, 150 డిగ్రీల లోపు పనికి థర్మోకపుల్ తీసేసి మూడు వైర్ల పీటీ100 పెట్టండి. దానికి మామూలు రాగి కేబుల్ చాలు (మూడు వైర్లూ ఒకే సైజు, ఒకే పొడవు ఉండాలి), ప్లస్ మైనస్ గొడవ లేదు, జె, కె గందరగోళం లేదు. తెగితే రీడింగ్ పైకి పోతుంది, హీటర్ ఆగుతుంది. థర్మోకపుల్‌నే ఉంచుతానంటే దాని టైపుకి తగిన కాంపెన్సేటింగ్ కేబుల్ మాత్రమే కంట్రోలర్ దాకా తీసుకురండి, మధ్యలో మామూలు వైరు వేస్తే ఆ జాయింటు దగ్గరి ఎండ వేడి కూడా మీ లెక్కలో కలుస్తుంది.

థర్మోవెల్ సంగతి కూడా. గొట్టం లోపల సెన్సర్ వదులుగా, గాలిలో వేలాడుతుంటే అది నిమిషాల తరబడి వెనకబడి చెబుతుంది. కొన అడుక్కి తగిలేలా చూసి, లోపల కొద్దిగా థర్మిక్ ఆయిల్ గానీ హీట్ సింక్ పేస్ట్ గానీ వేయండి. ఖర్చు లేని పని, ఫలితం మాత్రం కొత్త కంట్రోలర్ కన్నా ఎక్కువ.

ఏది కొనాలి

ప్యానెల్ తలుపుకి ఉన్న కన్నం కొలవండి. 96 బై 96 సైజు కంట్రోలర్‌కి కన్నం 92 బై 92 మిల్లీమీటర్లు, 72కి 68, 48కి 45. అదే సైజు తీసుకుంటే రేకు కోయాల్సిన పని ఉండదు. లోతు కూడా చూసుకోండి.

సప్లై చూడండి. పాత ప్యానెల్స్‌లో కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండి 110 వోల్టులు వస్తుండొచ్చు, కొలవకుండా 230 అనుకోవద్దు. 85 నుంచి 270 వోల్టుల దాకా పనిచేసేది దొరికితే అదే తీసుకోండి, పల్లెల్లో మన వోల్టేజీ సాయంత్రం ఒకలా అర్ధరాత్రి ఒకలా ఉంటుంది కదా. అవుట్‌పుట్ రిలేనా, ఎస్ఎస్ఆర్‌నా (పాయింట్లు కదలకుండా కరెంటు కలిపే ఎలక్ట్రానిక్ రిలే) అనేది మీ హీటర్లని ఏది వేస్తుందో దాన్నిబట్టి. ఒక అలారం రిలే తప్పనిసరిగా ఉండాలి. మిగతా హంగులు అక్కర్లేదు. డబ్బులుంటే అదే మోడల్ ఇంకోటి కొని బీరువాలో పెట్టుకోండి.

విప్పే ముందు

పాత కంట్రోలర్ ఇంకా వెలుగుతుంటే దాని మెనూలోకి వెళ్లి ప్రతి సెట్టింగూ కాగితం మీద రాసుకోండి: సెట్ పాయింట్, అలారం, ఇన్‌పుట్ టైపు, ముఖ్యంగా ఆఫ్‌సెట్ (రీడింగ్‌కి కలిపే సవరణ). ఎప్పుడో ఎవరో సెన్సర్ తేడా కప్పిపుచ్చడానికి ప్లస్ 6 పెట్టి వెళ్లిపోయి ఉంటారు, మీ ఆపరేటర్లు ఆ తప్పుకి అలవాటుపడి దాని మీదే బ్యాచ్ నడుపుతుంటారు. అది తెలియకపోతే కొత్తది పెట్టాక "ఇది సరిగ్గా చూపించట్లేదండి" అంటారు.

తర్వాత ఫోటోలు. వెనక టెర్మినల్స్ మీద నంబర్లు కనిపించేలా, పై నుంచి, రెండు పక్కల నుంచి. ఫోటో ఒక్కటే నమ్ముకోకుండా ప్రతి వైరుకీ పేరు రాసిన ఫెర్రూల్ (గుర్తు కోసం తొడిగే చిన్న గొట్టం) తొడిగి, చిన్న బొమ్మ గీసుకోండి. ఒక కంపెనీ కంట్రోలర్‌లో 5 నంబరు సెన్సర్ అయితే ఇంకో కంపెనీలో అదే 5 నంబరు 230 వోల్టుల ఫేజు కావచ్చు. నంబరుకి నంబరు కలిపితే సెన్సర్ ఇన్‌పుట్‌లోకి కరెంటు వెళ్లి పొగ వస్తుంది. వైరు మీద రాయాల్సింది పాత నంబరు కాదు, దాని పని: "సప్లై ఫేజు", "అలారం కామన్", "సెన్సర్ ప్లస్".

కరెంటు ఆపడం

రియాక్టర్ ఖాళీ చేయండి, చల్లారనివ్వండి. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళం చెవి మీ జేబులో పెట్టుకోండి. "పని జరుగుతోంది" అని కాగితం కట్టండి. జనరేటర్ ఆటోమేటిక్‌గా ఎక్కే ఏర్పాటు ఉంటే దాన్ని కూడా ఆఫ్ చేసి తాళం వేయాలి. మీరు మెయిన్ ఆపిన మరుక్షణం కరెంటు పోయిందనుకుని అది మొదలై అదే ప్యానెల్‌కి సప్లై ఇచ్చే వైరింగులు మన వైపు షెడ్లలో కొన్ని చూశాను.

ఆపాక కూడా ప్రతి వైరూ మీటర్‌తో చూడాలి. ముందు మీటర్‌ని కరెంటున్న సాకెట్ మీద పెట్టి పనిచేస్తోందని చూసుకోండి, తర్వాత ప్యానెల్‌లో చూడండి, మళ్లీ సాకెట్ మీద చూడండి. అలారం, ఇంటర్‌లాక్ వైర్లు పక్క ప్యానెల్ నుంచి వస్తుంటాయి, ఈ ప్యానెల్ మెయిన్ ఆపినా ఆ కామన్ వైరులో 230 అలాగే ఉంటుంది. పాత యూనిట్లలో షాక్ తగిలేది ఎక్కువగా ఆ వైరు దగ్గరే.

బిగించడం

పాతది లాగేశాక ప్యానెల్ లోపల ఒకసారి చూడండి. బల్లులు, చీమలు, దుమ్ము. తుడిచి, కేబుల్ వచ్చే కన్నాలకి గ్లాండ్లు బిగించండి, వాడని కన్నాలు మూసేయండి. కొత్త కంట్రోలర్‌కి వచ్చే రబ్బరు గ్యాస్కెట్ పారేయకుండా తొడగండి, మన చెమ్మకి అది అవసరం. వైరు చివర్లు మెలితిప్పి స్క్రూ కింద దూర్చడం కాకుండా లగ్ (లోహపు తొడుగు) క్రింప్ చేసి బిగించండి.

సెన్సర్ కేబుల్‌ని హీటర్ వైర్లతో, కాంటాక్టర్ వైర్లతో ఒకే కట్టలో కట్టకండి. విడిగా, కనీసం జానెడు దూరంలో తీసుకురండి. షీల్డ్ ఉంటే ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయండి, రెండు వైపులా కాదు. కాంటాక్టర్ పడిన ప్రతిసారీ అంకెలు ఎగురుతుంటే కాంటాక్టర్ కాయిల్‌కి అడ్డంగా స్నబ్బర్ (ఆ కరెంటు కుదుపుని మింగేది) వేయండి.

హీటర్లు వేయడానికి కాంటాక్టర్ ఉంచాలా, ఎస్ఎస్ఆర్ పెట్టాలా? ఎస్ఎస్ఆర్ పెడితే వేడి నిలకడగా ఉంటుంది, టకటక చప్పుడు ఉండదు, పాయింట్లు అరగవు. కానీ అది తానే వేడెక్కుతుంది, ఆంపియర్‌కి ఇంచుమించు ఒక వాట్ పైచిలుకు, అంటే మన తొమ్మిది ఆంపియర్లకి ఒక్కోటి పది వాట్ల దాకా. మే నెలలో రేకుల షెడ్‌లో మూసిన ప్యానెల్ లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. అందుకని 9 ఆంపియర్లకి 25 ఆంపియర్లది, మంచి హీట్ సింక్ మీద, గాలి తగిలేలా పెట్టండి. ఇంకో సంగతి, ఎస్ఎస్ఆర్ పోతే చాలాసార్లు షార్ట్ అయి పోతుంది, అంటే హీటర్ ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. అందుకే పాత కాంటాక్టర్‌ని తీసేయకండి. ఎస్ఎస్ఆర్ రోజువారీ పని చేస్తుంది, కాంటాక్టర్ దాని ముందు కాపలా కాస్తుంది.

రెండో కాపలా

ఆ కాంటాక్టర్ కాయిల్‌కి వెళ్లే వైరు దారిలో వరసగా ఇవి రావాలి. ఎమర్జెన్సీ స్టాప్ బటన్. విడిగా ఒక హై లిమిట్ థర్మోస్టాట్, దాని సొంత సెన్సర్‌తో, ఒకసారి ట్రిప్ అయితే మనిషి వచ్చి చేత్తో రీసెట్ చేస్తేనే మళ్లీ కలిసేది. స్టిర్రర్ నడుస్తుంటేనే కలిసే కాంటాక్ట్. చివర్లో స్టార్ట్ బటన్, దాని హోల్డింగ్ కాంటాక్ట్ (బటన్ మీంచి వేలు తీశాక కూడా కాంటాక్టర్‌ని పట్టి ఉంచేది).

హై లిమిట్‌ని కంట్రోలర్‌లోని అలారం రిలేతో సరిపెట్టేస్తుంటారు. సెన్సర్ తప్పు చెబితే అలారం కూడా అదే సెన్సర్‌ని చూసి నోరు మూసుకుంటుంది. నాకు జరిగిన దాంట్లో లోపల 90 దగ్గర కూడా అలారం మోగలేదు, దాని లెక్కలో 80 కూడా రాలేదు మరి. లిమిట్ సెన్సర్‌ని జాకెట్ ఆయిల్‌లో పెట్టండి, ఎందుకంటే ముందు కాలేది ఆయిలే. మేం ఈ పనికి 130 పెట్టాం. మీ అంకె ఏదైనా ఆయిల్ డబ్బా మీద రాసిన గరిష్ఠ వేడికి బాగా కింద ఉండాలి.

స్టిర్రర్ కాంటాక్ట్ ఎందుకంటే, కలపడం ఆగితే నూనె పైన, కాస్టిక్ నీళ్లు కింద విడిపోయి కూర్చుంటాయి. హీటర్ మాత్రం వేడి చేస్తూనే ఉంటుంది. పది నిమిషాల తర్వాత ఎవరో వచ్చి స్టిర్రర్ వేస్తే అప్పటిదాకా జరగని రియాక్షన్ అంతా ఒక్కసారి మొదలై, దాని సొంత వేడి కూడా తోడై పొంగుతుంది. స్టార్ట్ బటన్ కూడా అందుకే, కరెంటు పోయి వచ్చినప్పుడు హీటర్లు వాటంతట అవి మొదలవకూడదు. తుఫాను రోజుల్లో కరెంటు పదిసార్లు పోయి వస్తుంది, ప్రతిసారీ పక్కన మనిషి ఉండడు.

సెట్టింగులు

ఇప్పుడు మూత వేసి కరెంటు ఇవ్వొచ్చు, హీటర్ ఎంసీబీ మాత్రం కిందకే ఉంచండి. ముందు ఇన్‌పుట్ టైపు. తర్వాత సెట్ పాయింట్ పై హద్దు, మన పనికి 90 చాలు, ఎవరైనా చెయ్యి జారి 800 కొట్టినా తీసుకోకూడదు. తర్వాత యాక్షన్. హీటర్‌కి రివర్స్ యాక్షన్ పెట్టాలి, మాట వింటే తిరగబడినట్టు అనిపిస్తుంది కానీ వేడి పెరిగే కొద్దీ అవుట్‌పుట్ తగ్గాలి కాబట్టి ఆ పేరు. డైరెక్ట్ అంటే కూలింగ్‌కి. సైకిల్ టైమ్ (ఒకసారి వేసి ఆపే చుట్టుకి పట్టే సమయం) కాంటాక్టర్‌కి 20 సెకన్లు, ఎస్ఎస్ఆర్‌కి 1 గానీ 2 గానీ. ఎస్ఎస్ఆర్ సెట్టింగు పొరపాటున కాంటాక్టర్ మీద ఉంటే అది రోజంతా టకటకలాడి కొన్ని వారాల్లో పాయింట్లు తినేస్తుంది. సెన్సర్ తెగితే అవుట్‌పుట్ సున్నా.

ఆ చివరిది మాటల్లో వదలకండి. ఒక సెన్సర్ వైరు విప్పి చూడండి, డిస్‌ప్లేలో ఎర్రర్ రావాలి, అవుట్‌పుట్ లైటు ఆరాలి. పీటీ100 అయితే మూడు వైర్లూ ఒక్కొక్కటిగా విప్పి చూడండి.

నీళ్లతో పరుగు

మొదటి పరుగు సరుకుతో వద్దు. 60 లీటర్ల నీళ్లు పోసి స్టిర్రర్ వేసి హీటర్లు వేయండి, మ్యాన్‌హోల్ లోంచి గాజు థర్మామీటర్ దారంతో వేలాడదీసి 40, 60, 80 దగ్గర రెండు రీడింగులూ రాసుకోండి. ఒకటి రెండు డిగ్రీల తేడా స్థిరంగా ఉంటే ఆఫ్‌సెట్‌తో సరిచేయొచ్చు. వేడెక్కే కొద్దీ తేడా పెరుగుతుంటే ఆఫ్‌సెట్ ముట్టుకోకండి, టైపు గానీ కేబుల్ గానీ తప్పు, వెనక్కి వెళ్లండి.

గడియారం కూడా చూడండి. 60 లీటర్లని 30 నుంచి 80కి తేవడానికి 6 కిలోవాట్లకి నీళ్ల లెక్క ఒక్కటే 35 నిమిషాలు. జాకెట్ ఆయిల్, స్టీలు, గాలికి పోయేది కలిపితే ఇంకొంత. గంటన్నర దాటినా రాకపోతే ఒక హీటర్ పోయి ఉంటుంది, క్లాంప్ మీటర్‌తో ఫేజు ఫేజుకీ చూడండి.

హై లిమిట్ పరీక్ష: దాని అంకెని కిందకి, అప్పటి ఆయిల్ వేడి కన్నా తక్కువకి తిప్పండి. కాంటాక్టర్ టక్కున పడాలి. అంకె తిరిగి పైకి పెట్టినా, రీసెట్ నొక్కకుండా, స్టార్ట్ కొట్టకుండా మళ్లీ ఎక్కకూడదు. నడుస్తుండగా స్టిర్రర్ ఆపి చూడండి, మెయిన్ ఆపి మళ్లీ వేసి చూడండి. ఈ మూడూ పాసైతేనే సరుకు.

ఆటో ట్యూన్ (కంట్రోలర్ తన లెక్కలు తానే సరిచూసుకోవడం) నీళ్లు ఉన్నప్పుడే, 80కి దగ్గర్లో చేయండి. జాకెట్ ఆయిల్ ఉన్న రియాక్టర్ నిదానం మనిషి లాంటిది, వేడి ఇచ్చాక ఆలస్యంగా ఎక్కుతుంది, ఆపాక కూడా ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి ట్యూన్ పూర్తవడానికి గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపేయకండి. సబ్బు ముద్ద నీళ్ల కన్నా చిక్కన కాబట్టి తర్వాత బ్యాచ్‌లో వేడి సెట్ పాయింట్ దాటిపోతుంటే ప్రపోర్షనల్ బ్యాండ్ (సెట్ పాయింట్ ముందు అవుట్‌పుట్ తగ్గడం మొదలయ్యే మేర) కొంచెం వెడల్పు చేయండి, ఇంటిగ్రల్ టైమ్ (మిగిలిన తేడాని సరిదిద్దడానికి తీసుకునే సమయం) పెంచండి, ఒక్కసారికి ఒకటే మార్చి, రాసుకుని, ఇంకో బ్యాచ్ చూసి. ఆపరేటర్‌కి నేర్పాల్సిన తేలిక దారి ఇంకోటి ఉంది: ముందు 65 పెట్టి అక్కడ నిలబడనివ్వండి, కాస్టిక్ నీళ్లు మెల్లగా పోయండి, రియాక్షన్ తన వేడి తాను తెచ్చుకుంటుంది, అది సద్దుమణిగాక 80కి పెంచండి. హీటర్ ఒక్కటే ఉన్న కంట్రోలర్ ఎంత మంచిదైనా చల్లార్చలేదు, వేడి ఇవ్వడం ఆపగలదు అంతే. కూలింగ్ కాయిల్ ఉంటే ఆ వాల్వ్ చేతికి అందేలా ఉంచుకోండి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు (నీళ్లు ఆపేసినప్పుడు) ట్యాంకులో నీళ్లు తగినంత ఉన్నాయా, మరీ వేడిగా ఉన్నాయా అనేది కాస్టిక్ పోయకముందే చూసుకోవాలి.

అన్ని సెట్టింగులూ ఒక కాగితం మీద రాసి, సెన్సర్ టైపు పెద్ద అక్షరాలతో రాసి, ప్లాస్టిక్ కవర్‌లో ప్యానెల్ తలుపు లోపల అతికించండి. మెనూకి లాక్ పెట్టండి, ఆ నంబరు ఇద్దరికి తెలియాలి. పాత కంట్రోలర్‌ని "పనికొస్తుందేమో" అని ప్యానెల్ మీద పెట్టకండి, ఎవరో ఒక రాత్రి దాన్నే తిరిగి బిగిస్తారు.

మొదటి మూడు బ్యాచ్‌లకి మీరు అక్కడే ఉండండి. పదిహేను నిమిషాలకి ఒకసారి డిస్‌ప్లే అంకె, గాజు థర్మామీటర్ అంకె, ఆయిల్ వేడి పక్కపక్కన రాయించండి, రాసేది మీరు కాకుండా రోజూ ఆ మెట్టు మీద నిలబడేవాళ్ల చేత. ఆరు నెలలకి ఒకసారి ఆ సెన్సర్ వైరు విప్పే పరీక్ష, హై లిమిట్ పరీక్ష మళ్లీ చేసి తేదీ అదే కాగితం మీద వేయండి. గోదావరి కాలువలు కట్టేసే నెల ఒకటి, దసరా ఒకటి పెట్టుకుంటే గుర్తుంటుంది.